సింగ్‌భూమ్ రాళ్ళలో స్పంజిక ఎందుకు లేదు?

జంషెడ్‌పూర్‌లో 'స్పాంజి' అనగానే చాలామందికి గుర్తుకువచ్చేది ఇనుము. ఇనుప ఖనిజాన్ని కరగనివ్వకుండా, బొగ్గుతోనో వాయువుతోనో వేడిచేసి అందులోని ఆక్సిజన్‌ను లాగేస్తే, ఆక్సిజన్ వదిలి వెళ్ళిన చోటల్లా సన్నటి రంధ్రాలు మిగులుతాయి. ఆ రంధ్రాల ముద్దే స్పాంజి ఐరన్. తెలుగువారికి కూడా ఇది కొత్తమాట కాదు. ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పాల్వంచలో 1980లోనే స్పాంజి ఐరన్ తయారీ మొదలైంది. ఈ ఇనుముకు తన పేరును అరువిచ్చిన సముద్రజీవి మరొకటి ఉంది. మన పాఠ్యపుస్తకాలు దానిని 'స్పంజిక' అంటాయి. ఈ వ్యాసంలోనూ ఆ మాటే వాడుకుందాం, ఇనుముతో గందరగోళం లేకుండా.

టాటానగర్ స్టేషన్‌లో దిగి ఏ దిక్కుకు పోయినా రాయి కనిపిస్తుంది. ఉత్తరాన దల్మా కొండలు, దక్షిణాన చాయిబాసా దాటితే నోవాముండి గనులు, ఒడిశా సరిహద్దు దాటితే గోరుమహిసాని. ఈ రాళ్ళలో చాలా భాగం ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద, ఇసుక, నీటిలో గడ్డకట్టిన లావా. సముద్రం అడుగున పుట్టిన రాతిలో సముద్రం అడుగున బతికే జీవి శిలాజం ఉండాలి కదా? స్పంజిక జంతువులన్నిటిలోనూ అతి సరళమైన వాటిలో ఒకటి. అయినా సింగ్‌భూమ్ ఇనుప కొండల్లో ఒక్క స్పంజిక శిలాజమూ లేదు. వెదికినా దొరకదని గట్టిగా చెప్పవచ్చు.

అంత గట్టిగా ఎలా చెప్పగలం? ప్రపంచంలో ఇంకొన్ని చోట్ల కూడా స్పంజికలు దొరకవలసిన రాళ్ళలో దొరకలేదు. అక్కడ మాత్రం శాస్త్రజ్ఞులు ఆ మాట అనడానికి జంకుతారు. శిలాజం లేకపోవడం రెండు చోట్లా ఒకటే, దాని అర్థం మాత్రం ఒకటి కాదు. ఆ తేడా ఏమిటో చూద్దాం.

ఎర్ర చారల రాయి

జంషెడ్‌పూర్ నగరం పుట్టుక వెనుక ఒక భూవిజ్ఞాని రాసిన ఉత్తరం ఉంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసి, తరువాత మయూర్‌భంజ్ సంస్థానం కొలువులో చేరిన ప్రమథనాథ్ బోస్, గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉందని 1904 ఫిబ్రవరి 24న జంషెడ్‌జీ టాటాకు రాశాడు. 1907లో కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోట, సాక్చి గ్రామంలో కర్మాగారం లేచింది. 1912లో ఉక్కు వచ్చింది. 1919లో సాక్చి పేరు జంషెడ్‌పూర్‌గా మారింది.

బోస్ చూసిన ఖనిజం కథ మాత్రం ఊరి కథకన్నా చాలా పెద్దది. నోవాముండి ప్రాంతంలో గని గోడను చూస్తే ముదురు బూడిదరంగు, ఎరుపు చారలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. బూడిదరంగు చార హెమటైట్, అంటే ఇనుము, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. ఎర్రటిది జాస్పర్, అంటే ఇనుప తుప్పు రంగు పట్టిన సిలికా. గనుల్లో పనిచేసేవారు ఈ రాయిని 'బి.హెచ్.జె.' అని పొడి అక్షరాలతో పిలుస్తారు. బాండెడ్ హెమటైట్ జాస్పర్ అన్నమాట. ఆనాటి సముద్రంలో ఇప్పటిలా ఆక్సిజన్ లేదు. సముద్రగర్భంలోని వేడి ఊటల నుంచి వచ్చిన ఇనుము నీటిలో కరిగి ఉండిపోయేది. అక్కడక్కడ సూక్ష్మజీవులు వెలుతురును వాడుకుంటూ ఆ ఇనుమును ఆక్సీకరణం చెందించాయి. కొన్ని సూక్ష్మజీవులు నేరుగా ఇనుము నుంచే ఎలక్ట్రాన్లు తీసుకుని ఉంటాయనీ, కొన్ని ఆక్సిజన్ విడుదల చేసి ఉంటాయనీ రెండు వాదనలు ఉన్నాయి. ఎలా జరిగినా, తుప్పుగా మారిన ఇనుము కరగలేక అడుగుకు చేరింది. దానితోపాటు సిలికా కూడా చేరింది. ఈ సిలికా సంగతి గుర్తుపెట్టుకోండి, చివరలో మళ్ళీ అవసరపడుతుంది.

వీటి వయస్సు ఎంత? ఇనుప ఖనిజం వయస్సు నేరుగా కట్టడం కష్టం. అందుకని దానితో కలిసి ఉన్న అగ్నిపర్వత శిలల్లోని జిర్కాన్ అనే గట్టి స్ఫటికాలను పట్టుకుంటారు. జిర్కాన్ పుట్టేటప్పుడు కొంచెం యురేనియంను లోపలికి రానిస్తుంది, సీసాన్ని మాత్రం దాదాపుగా రానివ్వదు. యురేనియం నిర్ణీత వేగంతో సీసంగా మారుతూ ఉంటుంది కనుక లోపల ఎంత సీసం పోగయిందో కొలిస్తే స్ఫటికం వయస్సు తెలుస్తుంది. ఈ పద్ధతిలో, సింగ్‌భూమ్ ఇనుప ఖనిజ శ్రేణి దక్షిణ భాగంలో, ఒడిశాలోని దైతారి దగ్గర దొరికిన అగ్నిపర్వత శిల వయస్సు సుమారు 351 కోట్ల సంవత్సరాలని తేలింది. శ్రేణిలోని మిగతా భాగాల వయస్సు మీద ఇంకా చర్చ ఉంది. అయినా ఆ చర్చ అంతా వందల కోట్ల సంవత్సరాల స్థాయిలోనే నడుస్తోంది.

ఈ సంఖ్యలు నోటికి తిరుగుతాయి కానీ మనసుకు అందవు. ఒక పుస్తకం ఊహించుకోండి. పేజీకి ఒక కోటి సంవత్సరాలు. దైతారి శిల మొదటి పేజీలో ఉంటే పుస్తకం మొత్తం 351 పేజీలు. జంతువుల శిలాజాలు సమృద్ధిగా కనిపించడం దాదాపు 298వ పేజీలో మొదలవుతుంది. డైనోసార్లు 345వ పేజీలో మాయమవుతాయి. పేజీకి 30 పంక్తులు అనుకుంటే, మన మానవజాతి చరిత్ర యావత్తూ ఆఖరి పేజీలో ఆఖరి పంక్తి. నోవాముండి కొండలు పుస్తకం మొదటి భాగానికి చెందినవి. స్పంజికను ఆ పేజీల్లో వెదకడం, నన్నయ భారతంలో రైలుబండిని వెదకడం లాంటిది.

అక్కడ జీవం లేదని కాదు. సూక్ష్మజీవుల జాడలు ఈ శ్రేణిలో కొన్ని చోట్ల నివేదించారు. మన కడప బేసిన్‌కు వస్తే వేంపల్లె సున్నపురాతి పొరల్లో ఉల్లిపొరల్లా కనిపించే స్ట్రొమటొలైట్లు సుమారు 190 కోట్ల సంవత్సరాల నాటి సూక్ష్మజీవుల చాపలు కట్టినవి. వాటిలోనూ జంతువు లేదు. జంషెడ్‌పూర్ చుట్టుపక్కల రాళ్ళకు ఇంకో చిక్కు కూడా ఉంది. భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ లోనై అవి చాలావరకు రూపాంతర శిలలయ్యాయి. ఒకవేళ సున్నితమైన జీవి అవశేషం ఉన్నా ఆ వేడికి నిలవడం కష్టం. కానీ అసలు కారణం మొదటిదే. అప్పటికి జంతువు అనేది పుట్టలేదు.

జల్లెడ పట్టినా బతికే జీవి

స్పంజికకు నోరు లేదు, జీర్ణాశయం లేదు, నరాలు లేవు, కండరాలు లేవు. ఒంటినిండా చిన్న రంధ్రాలు, పైన ఒక పెద్ద రంధ్రం, మధ్యలో కాలువలు. కాలువల గోడలకు కాలర్ కణాలుంటాయి. ఒక్కో కణానికి ఒక కశాభం, అంటే కొరడాలాంటి తోక. కోట్ల కణాలు తమ కశాభాలను ఆడిస్తుంటే నీరు చిన్న రంధ్రాల ద్వారా లోపలికి వచ్చి, బాక్టీరియాను అక్కడ వదిలి, పెద్ద రంధ్రం ద్వారా బయటికి పోతుంది. ఒక్కొక్క కణం తన తిండిని తానే పట్టుకుంటుంది.

ఈ కణాల స్వతంత్రం ఎంతటిదో 1907లో, అంటే టాటా కంపెనీ ఏర్పడిన సంవత్సరంలోనే, హెచ్.వి. విల్సన్ అనే అమెరికన్ జంతుశాస్త్రజ్ఞుడు చూపించాడు. సజీవ స్పంజికను సన్నటి పట్టుగుడ్డలో పెట్టి పిండి, కణాలను విడివిడిగా నీటిలోకి వదిలాడు. కొంతసేపటికి ఆ కణాలు పాకుతూ ఒకదానినొకటి చేరి ముద్దకట్టాయి, కొన్ని రోజుల్లో మళ్ళీ కాలువలతో సహా స్పంజికలు తయారయ్యాయి. కప్పనో చేపనో అలా పిండితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

శరీరం ఇంత మెత్తనిదైతే శిలాజం ఎలా మిగులుతుంది? చాలా స్పంజికల్లో కంటకాలు అనే సూదుల్లాంటి భాగాలుంటాయి. కొన్నింటిలో అవి సున్నపుతో, ఎక్కువవాటిలో సిలికాతో, అంటే గాజులాంటి పదార్థంతో తయారవుతాయి. లోతు సముద్రంలో బతికే మోనోరాఫిస్ అనే గాజు స్పంజికలో ఒకే ఒక్క కంటకం రెండున్నర మీటర్లకు మించి పెరుగుతుంది. స్పంజిక చచ్చి కుళ్ళినా ఈ కంటకాలు బురదలో మిగులుతాయి. పూర్వం స్నానాలకు వాడిన స్పాంజి రకంలో మాత్రం కంటకాలే ఉండవు. దాని అస్థిపంజరం స్పాంజిన్ అనే ప్రోటీన్ దారాల వల. అటువంటిది శిలాజం కావాలంటే అదృష్టం కలిసిరావాలి.

ఆర్కియోసయాథస్: పురాతన గిన్నె

స్పంజికల్లో మూడో దారి పట్టినవి కూడా కొన్ని ఉన్నాయి. అవి సూదులను వదిలి, ఇల్లు కట్టినట్టు సున్నపు గోడలే కట్టుకున్నాయి. వాటిలో ముందుగా శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చిన ప్రజాతి ఆర్కియోసయాథస్. కెనడా భూవిజ్ఞాన సర్వేకు చెందిన ఎల్కానా బిల్లింగ్స్ 1861లో, కెనడా తూర్పుతీరంలోని లాబ్రడార్ సున్నపురాయిలో దొరికిన శిలాజానికి ఈ పేరు పెట్టాడు. గ్రీకు మాటలకు అర్థం పురాతన గిన్నె. దీని బంధువులన్నిటినీ కలిపి ఆర్కియోసయాథులు అంటారు. ఇవి మూడు వందలకు అటూ ఇటూ ప్రజాతులుంటాయి. ఒక్కటీ ఈనాడు బతికి లేదు.

ఐస్‌క్రీమ్ కోను లోపల కొంచెం చిన్న కోనును నిలబెట్టినట్టు ఊహించండి. రెండు గోడలకూ జల్లెడలాగా రంధ్రాలు. రెండు గోడలనూ కలుపుతూ నిలువు పలకలు. మొన వైపు సముద్రం అడుగుకు అతుక్కుని, తెరిచిన వైపు పైకి ఉంటుంది. చాలావాటి ఎత్తు కొన్ని సెంటీమీటర్లే. మొదటివి సైబీరియా రాళ్ళలో, సుమారు 52 కోట్ల 50 లక్షల సంవత్సరాల క్రితం, కేంబ్రియన్ యుగం ఆరంభ దశలో కనిపిస్తాయి. కొద్ది కాలంలోనే ఆస్ట్రేలియా, మొరాకో, స్పెయిన్, మంగోలియా, ఉత్తర అమెరికా తీరాలన్నిటికీ వ్యాపించాయి. సున్నం కట్టే సూక్ష్మజీవులతో కలిసి సముద్రంలో దిబ్బలు కట్టాయి. పగడపు దిబ్బల మాట మనకు తెలుసు. కానీ పగడాలు ఆ పని మొదలుపెట్టడానికి ఎంతో ముందే, జంతువులు పాలుపంచుకుని కట్టిన తొలి దిబ్బలు ఇవే. అంటార్కిటికాలో కూడా ఇవి ఉన్నాయని 1907-09లో షాకిల్టన్ దక్షిణధ్రువం వైపు చేసిన యాత్రలో సేకరించిన సున్నపురాళ్ళ వల్ల తెలిసింది. గుర్రాలు చచ్చిపోయి, తిండి తగ్గిపోయి, బండ్లు మనుషులే లాక్కుంటూ నడిచిన ఆ ప్రయాణంలో రాళ్ళు మోసుకురావడం మామూలు విషయం కాదు.

ఇవి స్పంజికలని మొదట ఎవరికీ నమ్మకం కుదరలేదు. పలకలు చూసి పగడం అన్నారు, కొందరు నాచుజాతి అన్నారు. రెంటికీ పొసగక చివరికి వాటికి ప్రత్యేకంగా ఒక వర్గమే కేటాయించారు. కంటకాలు లేని స్పంజిక ఏమిటన్నది అందరి అభ్యంతరం. ఈ చిక్కుముడి విప్పింది శిలాజాలు కావు, బతికి ఉన్న జంతువులు. 1960లు, 70లలో జమైకా తీరాన, పసిఫిక్ మహాసముద్రపు దిబ్బల చీకటి గుహల్లో, గట్టి సున్నపు అస్థిపంజరం కట్టుకునే స్పంజికలు ఈతగాళ్ళకు కనిపించాయి. వాటిలో వాసిలేటియా అనేదానికి కంటకాలే లేవు. కంటకాలు లేకపోయినా స్పంజిక స్పంజికే అని దానితో రుజువైంది. మరోవైపు, ఆర్కియోసయాథుల నమూనాలను తయారుచేసి పారే నీటిలో నిలబెట్టి చూశారు. నీరు పక్క రంధ్రాల నుంచి లోపలికి వచ్చి పై మూతి నుంచి బయటికి పోయింది. స్పంజికలో జరిగేది సరిగ్గా అదే. శిలాజానికి పేరు పెట్టిన వందేళ్ళకు గానీ దాని వంశం తేలలేదన్నమాట.

అయితే వాటి వైభవం ఎక్కువ కాలం సాగలేదు. సుమారు 51 కోట్ల సంవత్సరాల క్రితానికి దాదాపు అన్నీ పోయాయి. మన పుస్తకంలో ఒకటిన్నర పేజీ జీవితం. అంటార్కిటికా దగ్గర ఒకటి రెండు రకాలు ఇంకొంత కాలం మిగిలాయి. ఆ సమయానికి సముద్రంలో ఆక్సిజన్ తగ్గిన నీరు తీరాలకు ఎగదన్నిన గుర్తులు సైబీరియాలో ఉన్నాయి. ఆస్ట్రేలియాలో భారీ లావా ప్రవాహాలు వెలువడింది కూడా దాదాపు అదే కాలంలో. రెండింటికీ సంబంధం ఉందని చాలామంది అనుమానం.

నూట అరవై పేజీలో, పదహారు పేజీలో?

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఆర్కియోసయాథస్‌లాంటి పకడ్బందీ జంతువు ఒక్కసారిగా ఊడిపడదు. దానికి పూర్వీకులుండాలి. నేటి జంతువుల జన్యువుల్లోని తేడాలను లెక్కగట్టి, అవి ఎప్పుడు విడిపోయాయో అంచనావేసే పద్ధతి ఒకటుంది. ఆ లెక్క ప్రకారం స్పంజికలు సుమారు 70 కోట్ల సంవత్సరాల క్రితమే ఉండాలి. కచ్చితమైన కంటకాలు మాత్రం 54 కోట్ల సంవత్సరాలకు ఇవతలే దొరుకుతున్నాయి. మధ్యలో 16 కోట్ల సంవత్సరాలు ఖాళీ. మన పుస్తకంలో పదహారు తెల్ల పేజీలు.

'అప్పట్లో ఆక్సిజన్ చాలలేదు, అందుకే జంతువులు లేవు' అనేది పాత సమాధానం. 2014లో డానియల్ మిల్స్, ఆయన సహచరులు డెన్మార్క్ తీరపు సజీవ స్పంజికను తీసుకుని నీటిలో ఆక్సిజన్‌ను క్రమంగా తగ్గిస్తూ పోయారు. ఇప్పటి స్థాయిలో నూటికి నాలుగు పాళ్ళకూ, అంతకన్నా తక్కువకూ దించినా అది బతికే ఉంది. కాబట్టి స్పంజిక పుట్టడానికి సముద్రం ఆక్సిజన్‌తో నిండిపోనక్కరలేదు. పాత సమాధానం పూర్తిగా కొట్టుకుపోలేదు గానీ బలహీనపడింది.

ఖాళీని పూరించడానికి చాలామంది పూనుకున్నారు. 2009లో గోర్డన్ లవ్ బృందం ఒమన్‌లోని 63 కోట్ల సంవత్సరాలకు పైబడిన రాళ్ళలో, నేటి కొన్ని స్పంజికలు తయారుచేసే ఒక రకం కొవ్వు అణువు అవశేషాన్ని గుర్తించింది. ఎముక లేకపోయినా నూనె మరక మిగిలినట్టు. 2020లో ఇంకో రెండు బృందాలు, నాచుల కొవ్వు కూడా భూమిలోపల మార్పులు చెంది అదే అణువుగా తయారవవచ్చని చూపాయి. ఆ వాదన ముగియలేదు. 2021లో కెనడాకు చెందిన ఎలిజబెత్ టర్నర్ అక్కడి వాయవ్య ప్రాంతపు 89 కోట్ల సంవత్సరాల నాటి సున్నపురాతిలో, స్నానపు స్పాంజి దారాల వలను పోలిన సన్నటి గొట్టాల అల్లిక కనిపించిందని ప్రకటించారు. నిజమైతే జంతువుల చరిత్ర ఒక్క గెంతులో 35 కోట్ల సంవత్సరాలు వెనక్కి పోతుంది. సూక్ష్మజీవులు కట్టిన బంక కుళ్ళినప్పుడు కూడా అలాంటి అల్లిక ఏర్పడుతుందని విమర్శకుల మాట. నా మటుకు నాకు, అల్లిక పోలిక ఒక్కటే చూసి అంత పెద్ద ముగింపుకు రావడం తొందరపాటు అనిపిస్తుంది.

2024 జూన్‌లో 'నేచర్' పత్రికలో వచ్చిన శిలాజం వీటికన్నా గట్టిది. చైనాలోని హుబేయ్ రాష్ట్రంలో సుమారు 55 కోట్ల సంవత్సరాల నాటి రాతిలో చైనా, అమెరికా శాస్త్రజ్ఞులు వర్ణించిన ఆ ప్రజాతి పేరు హెలికోలోసెల్లస్. బారెడు కాకపోయినా మూరెడుకు కాస్త తక్కువ పొడవు, శంఖువు ఆకారం, ఒంటిమీద గళ్ళచీరలా క్రమమైన చదరాలు, చదరాల్లో ఇంకా చిన్న చదరాలు. ఈ గళ్ళ అమరిక గాజు స్పంజికల పోలిక. కానీ అందులో గాజు లేదు. ఒక్క కంటకమూ లేదు. షుహాయ్ షావో తదితరుల అభిప్రాయం ప్రకారం తొలి స్పంజికలు గట్టి కంటకాలు లేనివే. అదే నిజమైతే తెల్ల పేజీలు జంతువులు లేని పేజీలు కావు. మెత్తటి శరీరాలు అచ్చుపడని పేజీలు. మెత్తటి ఒళ్ళు ముద్రపడే అరుదైన రాళ్ళలోనే వాటిని వెదకాలి.

ఇప్పుడు రెండు ఖాళీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. నోవాముండిలో స్పంజిక లేకపోవడం ఒక్క రాతిని చూసి చెప్పింది కాదు. ఆ వయస్సుగల ఏ ఖండపు రాతిలోనూ ఏ జంతువూ లేదు. జన్యువుల లెక్కలు కూడా అంత వెనక్కు పోవు. అన్ని సాక్ష్యాలూ ఒకే మాట చెబుతున్నాయి. 70 నుంచి 54 కోట్ల సంవత్సరాల మధ్య ఖాళీలో మాత్రం సాక్ష్యాలు ఒకదానితో ఒకటి గొడవపడుతున్నాయి. జన్యువులు ఉన్నాయంటాయి, రాళ్ళు లేవంటాయి. అలాంటి చోట 'దొరకలేదు కనుక లేదు' అనడానికి వీలులేదు.

సోన్ లోయ పాఠం

ఈ సూత్రం పుస్తకంలో చదవడానికి తేలికే. మన దేశంలో ఒక శాస్త్రజ్ఞుడు దీనివల్ల పడ్డ యాతన చూస్తే దాని పదును తెలుస్తుంది. 1998లో డెహ్రాడూన్‌లోని వాడియా హిమాలయ భూవిజ్ఞాన సంస్థకు చెందిన రఫత్ జమాల్ అజ్మీ, సోన్ నది లోయలోని వింధ్య శిలల్లో కేంబ్రియన్ నాటి చిన్న గుల్ల శిలాజాలు కనుగొన్నానని భారత భూవిజ్ఞాన సంఘం పత్రికలో ప్రకటించారు. ఆ శిలలు చాలా పాతవని అందరి నమ్మకం. ఆయన మాట నిజమైతే శిలల వయస్సయినా తప్పు, లేదా జంతువుల చరిత్రయినా తప్పు. దుమారం రేగింది. అవి శిలాజాలే కావన్నారు కొందరు. తాము వెదికితే దొరకలేదన్నారు మరికొందరు. ఆయన నిజాయితీనే శంకించిన వారున్నారు.

2002లో జిర్కాన్ లెక్కలు ఆ శిలల వయస్సు 160 కోట్ల సంవత్సరాలని తేల్చాయి. ఇక అజ్మీ పని అయిపోయిందనుకున్నారు. 2009లో స్వీడన్‌కు చెందిన స్టెఫాన్ బెంగ్ట్‌సన్ బృందం చిత్రకూట్ దగ్గర స్వయంగా రాళ్ళు సేకరించి, శక్తివంతమైన ఎక్స్-కిరణాలతో పరిశీలించింది. శిలాజాలు నిజమైనవే. రాయి వయస్సు కూడా నిజమే. తప్పల్లా అవి జంతువులనుకోవడంలో ఉంది. గొట్టాల్లాంటి వాటిలో కొన్ని ఎర్ర నాచులు కావచ్చని అదే బృందం 2017లో వివరంగా రాసి, ఒక ప్రజాతికి 'రఫతాజ్మియా' అని పేరు పెట్టింది. అజ్మీ చూసినదానికి ఆయన పేరే నిలిచింది, ఆయన చెప్పిన అర్థం నిలవలేదు.

దీనికి విలోమమైన ఉదంతం కూడా ఉంది, కాస్త నవ్వు తెప్పించేది. 2021లో మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహ కప్పుమీద 55 కోట్ల సంవత్సరాల నాటి డికిన్సోనియా అనే జీవి ముద్ర ఉందని ప్రకటన వెలువడింది. 2023లో జోసెఫ్ మీర్ట్ బృందం వెళ్ళి చూసేసరికి ఆ ముద్ర రాలిపోతోంది. అది తేనెపట్టు ఊడిపోగా మిగిలిన మరక.

రెండు చకుముకి రాళ్ళు

మన దేశంలో నిస్సందేహమైన పురాతన స్పంజిక ఆనవాళ్ళు చూడాలంటే జంషెడ్‌పూర్ నుంచి చాలా దూరం, ముస్సోరీ దగ్గరి కొండలకు పోవాలి. అక్కడి తాల్ శిలల అడుగుభాగంలో ఫాస్ఫేట్ ఖనిజంతోపాటు నల్లటి చెర్ట్ ఉంది. చెర్ట్ అంటే చకుముకి జాతి సిలికా రాయి. 1998లోనే, అంటే అజ్మీ దుమారం రేగిన ఏడాదే, ఆ చెర్ట్‌లో తొలి కేంబ్రియన్ కాలపు స్పంజిక కంటకాలను వర్ణిస్తూ అంతర్జాతీయ పత్రికలో పరిశోధన వచ్చింది. ఆ వార్త దుమారం రేపలేదు. వయస్సూ సరిపోయింది, శిలాజమూ సరిపోయింది. నిర్వివాదమైన మంచి పని పత్రికలకెక్కడం అరుదు కదా!

నోవాముండి జాస్పర్, ముస్సోరీ చెర్ట్ రెండూ సిలికా రాళ్ళే. మొదటిది ఏర్పడిన కాలంలో సముద్రపు నీటిలో ఇప్పటికంటే ఎన్నో రెట్లు సిలికా కరిగి ఉండేది. దానిని వాడుకునే జీవి లేదు. నీరు ఇముడ్చుకోలేక వదిలేసిన సిలికా ఇనుముతో కలిసి పొరలుగా పేరుకుంది. తరువాత స్పంజికలు వచ్చాయి, రేడియోలేరియన్లు వచ్చాయి, ఇంకా ఇటీవలి కాలంలో డయాటములు వచ్చాయి. అందరూ తమ అస్థిపంజరాలకోసం సిలికాను నీటిలోనుంచి లాగుతూనే ఉన్నారు. ఈనాటి సముద్రంలో లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు మించి మిగలలేదు.

ఉక్కు కర్మాగారానికి ఈ జాస్పర్ అంటే తలనొప్పి. గట్టిరాయి, సిలికా ఎక్కువ, నేరుగా కొలిమిలో వేయడానికి పనికిరాదు. దానిని పొడిచేసి ఇనుమును వేరుచేసే పద్ధతులమీద జంషెడ్‌పూర్‌లోని జాతీయ లోహశాస్త్ర పరిశోధనశాలలో ఏళ్ళ తరబడి పని జరిగింది. ఆ నగరంలోనో చాయిబాసాలోనో చదువుకునే విద్యార్థికి ఈ రాయి ముక్క ఒకటి సంపాదించడం కష్టం కాదు. కళాశాల భూవిజ్ఞాన విభాగంలో దానిని పలచటి కోతగా చేయించి సూక్ష్మదర్శిని కింద పెడితే సిలికా స్ఫటికాలు, హెమటైట్ రేణువులు కనిపిస్తాయి. పక్కన ముస్సోరీ చెర్ట్ కోత కూడా పెట్టగలిగితే, నల్లటి సిలికా మధ్యలో శిలువ ఆకారంలో సన్నటి కడ్డీలు, వాటి నడుమ నూలుపోగంత బోలు కనిపిస్తాయి. బతికున్నప్పుడు స్పంజిక ఏ సేంద్రియ దారం చుట్టూ గాజును పేర్చుకుందో ఆ దారం ఉండిన చోటు అది.